మబ్బుచుంచుల కుటుంబ పెద్ద

పర్వత మేఘారణ్య స్థానీయ క్షీరద వ్యాప్తి పటనిర్మాణ కేంద్రం. ఈ పేరుని ఒక్క ఊపిరిలో పలకగలిగినవాళ్లు ఆ ఆఫీసు మొత్తానికి ఇద్దరే. ఒకరు సంచాలకులు డాక్టర్ కొచ్చెర్ల విఠల్ గారు. రెండోవాడు గేటు దగ్గర కూర్చునే వాచ్‌మన్. అతనికి పగలంతా వేరే పనుండదు కనక సాధన చేశాడు. మిగతా లోకమంతా దాన్ని పటాల ఆఫీసు అంటుంది. మబ్బులు దిగే కొండల్లో తప్ప ఇంకెక్కడా బతకని పాలిచ్చే జంతువులు ఏ కొండ మీద ఏవి ఉన్నాయో కనుక్కుని, పటం మీద ఆ చోట చుక్క పెట్టడం ఆ ఆఫీసు పని. చుక్కలు పెట్టడానికి నాలుగంతస్తుల మేడా, రెండు లిఫ్టులూ ఎందుకు, ముగ్గులేసే ఆడపిల్లని పిలిస్తే పెట్టదా అనకండి. ముగ్గు చుక్క వేరు, ప్రభుత్వం చుక్క వేరు.

మొయిలుకొండకి సంబంధించినంత వరకు ఈ చుక్కల భారం సీదరి బొంజుబాబు మీద ఉంది. కొండ కింద జాజిపుట్టు అతని ఊరు. నలభై రెండేళ్ల మనిషి, కాంట్రాక్టు మీద క్షేత్ర సహాయకుడు. ఆ కొండ మీద మబ్బుచుంచు అని ఒక చిన్న జంతువుంది. ఒళ్లు బెత్తెడు, మూతి మాత్రం ఆ ఒంటికి తగని పొడుగు, రంగు తడి బూడిద. మొయిలు కిందికి దిగి చెట్ల మీద పాచి తడిసినప్పుడే అది బొరియలోంచి బయటికొస్తుంది. ఎండ తగిలిందా, ఇక ఆ పూటకి కనపడదు. చుంచు గెడ్డ ఒడ్డుకి, అంటే కొండవాగు ఒడ్డుకి, దిగాక గానీ జాజిపుట్టు వాళ్లు చోడి అనే రాగి విత్తనం చల్లరు. చుంచు దిగిందంటే గెడ్డలో ఊట నిలిచిందని వాళ్ల నమ్మకం. ఏటా మొదట వెళ్లి చూసి వచ్చి చెప్పే బాధ్యత సీదరి వారి ఇంటిది. బొంజుబాబుకి తండ్రి ఇచ్చిన ఆస్తి ఈ విద్య ఒక్కటే, ఉద్యోగం వచ్చింది కూడా దాని వల్లే.

ఇంతవరకూ బాగానే ఉంది. చిక్కంతా బండ దగ్గరొచ్చింది.

జాజిపుట్టులో సెల్లు పలకదు. కొండ మీద అసలే పలకదు. కొండకి ఆరు కిలోమీటర్ల దిగువన, ఘాట్ రోడ్డు మలుపులో పది అడుగుల నల్లబండ ఒకటుంది. ఆ బండెక్కి తూర్పుకి తిరిగి నిలబడితే రెండు గీతల సిగ్నలొస్తుంది. మబ్బు పట్టిన రోజు అదీ రాదు. అందుకని చుట్టుపక్కల ఐదూళ్ల బతుకూ ఆ బండ మీదే. రేషన్ డీలరు వేలిముద్ర మిషను తెచ్చుకుని అక్కడే కూర్చుంటాడు. మేష్టారు పొద్దున్నే ఆ బండెక్కి హాజరు వేసుకుని, అప్పుడు దిగి బడికి పోతాడు. పుట్టిన బిడ్డ పేరు ఎక్కించేదీ, చచ్చినవాళ్ల పేరు తీయించేదీ అక్కడే. ప్రభుత్వ రికార్డుల ప్రకారం ఐదూళ్ల జనం ఆ బండ మీదే పుట్టి, అక్కడే చదివి, అక్కడే తిని, అక్కడే పోతున్నారు. ఎవరికీ అభ్యంతరం లేకపోయింది.

పటాల ఆఫీసు వాళ్లు బొంజుబాబుకి వననేస్తం అనే యాప్ ఇచ్చారు. అదివరకు ఇంటింటి సర్వేకి వాడిన యాప్‌నే జంతువులకి సర్దారు. సర్దినవాడికి తొందరేముందో, కొన్ని గళ్లు తీసెయ్యడం మర్చిపోయాడు. ఇంటి నంబరు దగ్గర బొంజుబాబు బొరియ నంబరు వేశాడు. కుటుంబ పెద్ద పేరు అని ఇంకో గడి ఉంది. అది నింపకపోతే యాప్ ముందుకి కదలదు. చుంచుల్లో పెద్దెవరో అతనికి తెలియదు. తెలిసినా పేరు తెలియదు. ఒక పూటంతా ఆలోచించి, ఎందుకొచ్చిన గొడవని తన పేరే రాసేశాడు. మూడు నెలలు మబ్బులో తిరిగి నూట ముప్పై ఏడు చుంచుల్ని చూశాడు. చూసిన ప్రతిదాన్నీ ఫొటో తీసుకుని, రేషన్ రోజున అందరితో పాటు బండెక్కి మీట నొక్కాడు. నొక్కిన చోట చుక్క పడింది.

మీకు అర్థమైపోయింది కదా. పటాల ఆఫీసులో ఎవరికీ కాలేదు.

ఇంతలో ఒక సర్క్యులర్ దిగింది. మొయిలుకొండ మీద మేఘదర్శిని అనే గాజు అరుగు, నలభై కాటేజీలు కట్టాలని విహార శాఖకి కోరిక పుట్టింది. కొండ మీద స్థానీయ క్షీరదం ఏదీ లేదని పటాల ఆఫీసు ధ్రువపత్రం ఇస్తే చాలు, చెట్లు కొట్టుకోవచ్చు. సర్క్యులర్‌లో ఇలా ఉంది: "మార్చి ముప్పై ఒకటవ తేదీ నాటికి ఏ ప్రదేశమునందు చుక్క నమోదు కాలేదో, ఆ ప్రదేశమునందు సదరు జంతువు లేనట్లుగా పరిగణించవలెను. ఇందుకు విరుద్ధముగా జంతువు కనిపించినచో అట్టి కనిపించుట చెల్లదు."

బండ మీద నిలబడి బొంజుబాబు ఆ కాగితాన్ని ఫోనులో రెండుసార్లు చదివాడు. పక్కన వేలిముద్ర వరసలో ఉన్న అతని మేనత్త వంతాల ముత్తెమ్మ మేనల్లుడి ముఖం చూసి, "ఏట్రా బొంజూ, అలాగయిపోనావు?" అంది.

"కొండ ఇచ్చీసేట్టున్నారత్తా. సుక్క నేదంట."

"నువ్వు మూడు నెల్ల నుంచి నొక్కుతన్నావు కదరా!"

"నొక్కేను. నొక్కినవన్నీ ఈ బండ మీద పడ్డాయి."

ముత్తెమ్మ బండ కేసీ, మేనల్లుడి కేసీ చూసి, "ఓలమ్మ! నీకు జీతమిచ్చినోళ్లకి బుర్ర ఎవులిచ్చేరు?" అంది.

ఆ వారంలోనే విఠల్ గారు మూడు జీపులతో బండ దగ్గరికి వచ్చారు. వెంట మ్యాపు ఇంజనీరు రోహిణీకుమార్, చేతిలో చుట్టిన పటం. పటాన్ని జీపు బానెట్ మీద పరిచారు. మొయిలుకొండంతా తెల్లగా ఉంది. ఘాట్ రోడ్డు మలుపులో మాత్రం నూట ముప్పై ఏడు చుక్కలు ఒకదాని మీద ఒకటి పడి, ఒకే ఎర్రటి కురుపులా ఉబ్బి ఉంది.

"చూశావటయ్యా బొంజుబాబూ," అన్నారు విఠల్ గారు. ఆయన కళ్లలో నిజంగానే నీళ్లు తిరిగాయి. "పది అడుగుల స్థలంలో నూట ముప్పై ఏడు క్షీరదాలు. ఇంతటి జీవసాంద్రత భూగోళం మీద మరెక్కడా నమోదు కాలేదు. ఇది నీ బండ కాదు, ప్రపంచ వారసత్వ బండ."

"బాబూ, ఆటిని నేను కొండ మీద సూసేనండి. ఇక్కడికొచ్చి మీట నొక్కేనండి. అక్కడ సిగ్నలు నేదండి."

"నువ్వు ఎక్కడ చూశావన్నది నీ వ్యక్తిగత అనుభవం. యాప్ ఎక్కడ చూసిందన్నది శాస్త్రం."

"యాప్ సూడలేదండి, నేనే..."

"కళ్లు పొరబడతాయి బొంజుబాబూ. ఉపగ్రహం పొరబడదు. నీకంటే ఎంతో ఎత్తులో ఉంటుంది."

తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లన్నవాడితోనైనా వాదించవచ్చు, వాడి చేతిలో కనీసం కుందేలుంటుంది. విఠల్ గారు బండ ఎక్కి, మోకాళ్ల మీద వంగి, భూతద్దంతో అరగంట వెతికారు. ఒక్క చుంచూ కనపడలేదు. ఆయన కొంచెం కూడా డీలాపడలేదు. జేబులోంచి పుస్తకం తీసి, "నూట ముప్పై ఏడూ ఇక్కడే ఉండి ఒక్కటీ కనపడలేదంటే, దాగుకొనుటలో అసాధారణ ప్రావీణ్యం" అని రాసుకున్నారు.

అసలు విజ్ఞానం తర్వాత బయటపడింది. రోహిణీకుమార్ చుక్కలకి తేదీలూ వేళలూ జోడించి చూశాడు. అన్నీ పగలు పదికీ ఒంటిగంటకీ మధ్య పడ్డవే. అన్నీ రేషన్ ఇచ్చే రోజులే. మబ్బు పట్టిన రోజు ఒక్క చుక్క లేదు. ఎండ కాసిన రోజు మాత్రం డజన్లకొద్దీ ఉన్నాయి. ఇంకేం కావాలి? ఎద్దు ఈనిందంటే దూడని కట్టెయ్యమన్నట్టు, పదిహేను రోజుల్లో అరవై పేజీల నివేదిక తయారైంది. ఒకటి, ఈ జంతువుకి మబ్బంటే సరిపడదు, ఇది ఎండలో తిరిగే ప్రాణి. రెండు, దీని ముఖ్యాహారం రేషన్ బియ్యం. మూడు, ఇన్నాళ్లూ దీన్ని మబ్బుచుంచు అనడం స్థానికుల అజ్ఞానం, కావున ఇకపై ఎండచుంచు అని వ్యవహరించవలెను. నివేదిక చివర, కుటుంబ పెద్ద ఒక్కడే నూట ముప్పై ఏడుగురికి పెద్ద కావడం ఈ జాతి సామాజిక నిర్మాణంలో కొత్త మలుపని ఇంకో పేజీ ఉంది. ఆ పేజీ చదివిన వైద్య శాఖ వాళ్లెవరో బొంజుబాబుకి కుటుంబ నియంత్రణ శిబిరానికి రమ్మని కార్డు పంపారు.

బండ చుట్టూ ఎనిమిదడుగుల ఎత్తున ఇనపకంచె లేచింది. 'అత్యంత కీలక ఆవాసము. మనుషులు ప్రవేశించరాదు' అని బోర్డు పెట్టారు. లోపల రోజూ రెండు కిలోల బియ్యం చల్లడానికి ఒక మనిషిని వేశారు. చల్లిన మూడో రోజుకి ఎక్కడెక్కడి పందికొక్కులూ చేరి మేసి బలిశాయి. కంచె బయట నుంచి వాటి కదలిక చూసి, ఎండచుంచులు పుష్టిగా పెరుగుతున్నాయని నెలవారీ నివేదిక వెళ్లింది.

రేషన్ డీలరు మిషను పట్టుకుని కంచె బయట నిలబడ్డాడు. సిగ్నల్ లేదు. ఐదూళ్ల వాళ్లూ ఖాళీ సంచులతో అతని చుట్టూ నిలబడ్డారు. కంచె కాపలాదారుని ముత్తెమ్మ పట్టుకుంది.

"బాబూ, ఒక్కసారి ఏలు పెట్టీసి ఎలిపోతాం. తలుపు తియ్యి."

"అనుమతి కావాలి పెద్దమ్మా. ఆన్‌లైన్లో అప్లై చేసుకోవాలి."

"ఆన్‌లైను ఎక్కడొస్తాది?"

కాపలాదారు మంచివాడు, అబద్ధం చెప్పడం చేతకాక బండ వైపు వేలు చూపించాడు.

ముత్తెమ్మ కంచె పట్టుకుని లోపలికి చూసింది. బండ మీద తెల్లటి బియ్యం, వాటి మధ్య కోడిపెట్టంత పందికొక్కు ఒకటి నింపాదిగా కూర్చుని తింటోంది. "మా గింజలు దీనికి పోస్తన్నార్రా! నా మనవలు అంబలి తాగుతన్నారు, ఇది సన్నన్నం తింటన్నాది. పందికొక్కుకున్న విలవ మాకు నేకపోయిందేటి?" అని అరిచింది. ఆ అరుపు బియ్యం మేస్తున్న జీవాన్ని బెదిరించిందని ఆవిడ మీద వన్యప్రాణి వేధింపు కింద నోటీసు వచ్చింది. నోటీసు తీసుకున్నట్టు వేలిముద్ర వెయ్యాలన్నారు. వెయ్యడానికి సిగ్నల్ లేక ఆ కేసు అక్కడే ఆగిపోయింది.

మార్చి ఇరవై ఆరు వచ్చింది. ఇంకా ఐదు రోజులు. బొంజుబాబు తిండి మానేసి తిరుగుతున్నాడు. కొండ మీద ఒక్క చుక్క పడితే చాలు, సర్క్యులర్ ప్రకారం ధ్రువపత్రం ఆగుతుంది. మొయిలుకి పైన సిగ్నల్ ఉంటుందేమోనన్న ఆలోచన ముత్తెమ్మదే. "దేవుడు కూడా మబ్బు పైనే కదరా ఉంటాడు, సూడు ఎక్కి," అంది.

మర్నాడు తెల్లారేసరికి ఊరి వాళ్లు పదిమంది అతనితో కొండెక్కారు. శిఖరాన నూరడుగుల చెట్టొకటి ఉంది, మాను నిండా పాచి. గెడ్డ పుట్టే చోట బొంజుబాబు ఒక చుంచుని సుతారంగా పట్టి, తడి పాచి వేసిన జోలెలో పెట్టుకున్నాడు. నడుముకి తాడు కట్టుకుని ఎక్కడం మొదలుపెట్టాడు. పాచికి కాలు జారుతోంది. కింద తాడు పట్టుకున్నవాళ్లకి మబ్బులో అతను కనపడటం మానేశాడు. ముత్తెమ్మ ఒక్కో దేవతనీ పేరు పేరునా పిలుస్తూ నిలబడింది. చిట్టచివరి కొమ్మ దగ్గర అతని తల మబ్బు దాటి ఎండలోకి తేలింది. ఫోనులో ఒక్క గీత వెలిగింది. జోలె విప్పి, చుంచు మూతి తన చెంపకి ఆనించి, ఇద్దరికీ కలిపి ఫొటో తీసి మీట నొక్కాడు. యాప్ చాలాసేపు తిరిగింది. తిరిగి, తిరిగి, "నమోదు విజయవంతం. ప్రదేశము: మొయిలుకొండ" అంది.

బొంజుబాబు చెట్టు మీదే ఏడ్చేశాడు. పైనుంచి "పడిందత్తో!" అని వేసిన కేకకి కింద పదిమందీ గెంతారు. చుంచుని మళ్లీ దాని బొరియలోనే వదిలి, ఊళ్లోకి దిగి ఉన్న బియ్యంతో పాయసం వండుకున్నారు.

మార్చి ముప్పయ్యిన ఆఫీసు నుంచి మెమో వచ్చింది. ముత్తెమ్మ చదవమంటే బొంజుబాబు పైకి చదివాడు.

"మీరు ఇరవై ఏడవ తేదీన పంపిన చుక్కను పరిశీలించడమైనది. మొత్తము నూట ముప్పై ఎనిమిది చుక్కలలో నూట ముప్పై ఏడు బండ యొద్ద ఉండగా, ఇది ఒక్కటి ఆరు కిలోమీటర్ల దూరమునకు పోయి పడినందున, దీనిని దారి తప్పిన చుక్కగా నిర్ధారించి తొలగించడమైనది. ఇకముందు చుక్కలను ఇట్లు దారి తప్పనీయరాదని హెచ్చరించడమైనది. మరియు ఎండలో తిరుగు జంతువును తడి పాచిలో ఉంచి హింసించినందుకు సంజాయిషీ కోరడమైనది."

బొంజుబాబు ఆ రోజే బస్సెక్కి పటాల ఆఫీసుకి వెళ్లాడు. విఠల్ గారు కూర్చోమన్నారు, మంచినీళ్లు తెప్పించారు. మర్యాదకేం తక్కువ లేదు.

"ఒక్కటుంది బాబూ, ఒక్క సుక్క! మీ కాయితంలో ఒక్కటి సాలన్నారు కదండి," అన్నాడు బొంజుబాబు.

"చాలు. కాని అది మిగతా చుక్కల్లాగే ఉండాలి. తోటి చుక్కలు ఒక మాట చెబుతుంటే ఒక్కటే వేరే మాట చెబితే, దాన్ని నమ్మడం శాస్త్రం ఒప్పుకోదయ్యా."

"ఆ నూట ముప్పై ఏడూ అబద్ధమండి. నేనే పెట్టేనండి. ఈ ఒక్కటే నిజమండి."

విఠల్ గారు ముందుకి వంగి, ఎంతో దయగా చెప్పారు. "ఆ మాట బయట అనకు. ఆ నూట ముప్పై ఏడింటి మీదే మన కేంద్రానికి జాతీయ స్థాయి బహుమతి ప్రకటించారు. నీ పేరు కూడా ఉంది, కుటుంబ పెద్దగా."

ముప్పై ఒకటో తేదీ మధ్యాహ్నం ధ్రువపత్రం మీద ఆయన పచ్చ సిరాతో సంతకం చేశారు. ఏప్రిల్ రెండున రంపాలు కొండెక్కాయి.

ఏడాది తిరిగేసరికి మేఘదర్శిని లేచింది. చెట్లు పోయాక మొయిలు కొండ మీద నిలవడం మానేసింది. మబ్బులో నిలబడి ఫొటో దిగుదామని టికెట్టు కొనుక్కుని వచ్చినవాళ్లు గోల చేస్తే, పెళ్లిళ్లలో వాడే పొగ మిషన్లు నాలుగు తెప్పించి గాజు అరుగు కింద పెట్టారు. పన్నెండింటి దాకా పొగ, తర్వాత భోజనాలు. జాజిపుట్టు గెడ్డలో నీరు సన్నగిలి, సన్నగిలి, రాళ్లు తేలాయి. చోడి విత్తనం గాదెలోనే ఉంది. చుంచు దిగిందా అని ముత్తెమ్మ రోజూ మేనల్లుడిని అడిగేది. కొన్నాళ్లకి అడగడం మానేసింది.

యాత్రికుల సౌకర్యం కోసం శిఖరాన, ఆ నూరడుగుల చెట్టున్న చోటే, సెల్ టవరు వేశారు. ఇప్పుడు కొండ మీద ఎక్కడ నిలబడ్డా నాలుగు గీతలు. ఐదూళ్ల వాళ్లూ వేలిముద్రలకి బండ బదులు కొండెక్కుతున్నారు. పటాల ఆఫీసు నుంచి బొంజుబాబుకి ఆదేశం వచ్చింది: సిగ్నల్ సమస్య శాశ్వతంగా తీరినందున, మొయిలుకొండ మీద స్వయంగా పరిశీలించి ధ్రువీకరణ చుక్క పెట్టవలెను.

అతను వెళ్లాడు. గెడ్డ పుట్టే చోట పాత బొరియ దగ్గర గొంతుక్కూచున్నాడు. వరసగా నాలుగు పొద్దులు కూర్చున్నాడు. ఐదో రోజు పొద్దున ఫోను తీసి యాప్ తెరిచాడు. ఇన్నాళ్లలో ఎప్పుడూ అంత చురుగ్గా తెరుచుకోలేదు. జంతువు ఉన్నదా, లేదా అని అడిగింది. ఈసారి అతను చూసిన చోటూ, నొక్కే చోటూ ఒకటే. లేదు అని నొక్కాడు. కన్ను మూసి తెరిచేలోపు జవాబొచ్చింది.

"అభినందనలు! నమోదు విజయవంతం. ప్రదేశము: మొయిలుకొండ. కుటుంబ పెద్ద: సీదరి బొంజుబాబు. ఈ చిరునామాలో కుటుంబ సభ్యులు: లేరు."

ఇంతలో ఫోను మోగింది. విఠల్ గారు. గొంతులో పండగ.

"చుక్క ఇప్పుడే పడిందయ్యా! సరిగ్గా కొండ మీదే పడింది, ఒక్క అడుగు కూడా తేడా లేదు. మన పటం ఏడాది ముందే చెప్పింది అక్కడేమీ లేదని. చూశావా, నువ్వే అనవసరంగా చెట్టెక్కావు."

"ఔనండి బాబూ," అన్నాడు బొంజుబాబు. "ఇప్పుడు మీ పటం నిజవేనండి."

ఫోను జేబులో పెట్టుకుని, అలవాటు కొద్దీ, బొరియ ముందు పాచి తడిగా ఉందో లేదో వేలు పెట్టి చూశాడు. వేలికి దుమ్ము అంటింది. దాన్ని పంచెకి తుడుచుకుని, గాజు అరుగు కింద నుంచి లేస్తున్న మిషను పొగలోంచి ఊరి వైపు దిగిపోయాడు.